హాల్లో కయాక్, కయాక్‌లో మామగారు

ఆ ఆదివారం పొద్దున వంటింట్లోకి వెళ్ళాలంటే పడవ దాటి వెళ్ళాల్సి వచ్చింది. హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, పాత బొంతల మీద, ఆకుపచ్చ ప్లాస్టిక్ కయాక్ ఒకటి పడుకుని ఉంది. దాని సీట్లో కాళ్ళు బారచాపుకుని మామగారు కూర్చుని ఉన్నారు. చేతిలో తెడ్డు, ఒళ్ళో కాఫీ గ్లాసు.

"ఏమోయ్ అల్లుడూ, తెల్లారిందా నీకు?"

అల్లుడికి వారానికి దొరికేది ఒక్క సెలవు. మిగతా రోజులన్నీ కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడి, పరాయివాళ్ళ ముక్కుల మీద ఫ్రేములు సర్దుతూ, "ఇప్పుడెలా ఉందండీ, చెవి వెనక నొక్కుతోందా?" అని అడుగుతూ గడుపుతాడు. ఈ ఒక్క రోజైనా ఎవరికీ ఏదీ సరిపోయేలా చెయ్యక్కర్లేదని అతని ఆశ. మామగారు కయాక్ కొన్నప్పటి నుంచి ఆ ఆశకు నీళ్ళు వదులుకున్నాడు.

మామగారు బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. పక్క వీధిలో, మూడో అంతస్తులో ఒక్కరే ఉంటారు. ఉద్యోగం వదిలిన కొత్తల్లోనే ఈ కయాక్ కొన్నారు. తీరా చూస్తే అది వాళ్ళ మెట్ల మలుపు తిరగలేదు. ఇరుకు సందుల్లో బస్సును అవలీలగా తిప్పిన మనిషి ఆ మలుపు దగ్గర చెమటలు కక్కి, ఓడిపోయి, దాన్ని తెచ్చి కూతురి హాల్లో పడేశారు. "నాలుగు రోజులేనమ్మా" అన్నారు. ఆ నాలుగు రోజులు ఇంకా నడుస్తున్నాయి.

అసలు గొడవ గాలం రాడ్ల దగ్గర మొదలైంది. రాడ్లు నిలబెట్టుకోవడానికి ఆ కయాక్‌కు సీటు వెనక రెండు గుంటలున్నాయి. రాడ్డును గుంటలో గుచ్చి, గాలం నీళ్ళలోకి వదిలి, మెల్లగా తెడ్డు వేసుకుంటూ పోవాలి. చేప పట్టిందంటే చటుక్కున వెనక్కి తిరిగి రాడ్డు అందుకోవాలి. మామగారి తంటా అంతా ఆ వెనక్కి తిరగడంలోనే ఉంది. కిందటేడు ఆయన మెట్ల మీద జారి కుడి భుజం విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక చెయ్యి ముందుకు బాగానే వస్తోంది, కిందకు పట్టుకుని తెడ్డు కూడా వేస్తోంది, పైకి, వెనక్కి మాత్రం పోనంటోంది. ఈమధ్య చెరువులో ఏదో పెద్ద చేపే పడింది. ఆయన నడుం తిప్పి చెయ్యి చాచేలోగా రాడ్డు గుంటలోంచి ఎగిరి నీళ్ళలో పడి మునిగిపోయింది.

"రాడ్డు చేపకు బహుమతిగా ఇచ్చొచ్చాను" అని ఇంటికొచ్చి నవ్వారు గానీ, ఆ పూట భోజనం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయారు. అది చూసి కూతురు భర్తను వంటింట్లోకి పిలిచింది.

"ఏవండీ, రాడ్లు నిలబెట్టే హోల్డర్లు విడిగా దొరుకుతాయట, అవి సీటు ముందు బిగిస్తే సరిపోతుంది కదా. మీకు స్క్రూలు బిగించడం వచ్చు కదా."

"నేను బిగించేవి గోరులో సగం ఉంటాయి తల్లీ."

"స్క్రూ స్క్రూయే" అని ఆవిడ తేల్చేసింది.

అక్కడి నుంచి అల్లుడికి తిప్పలు పట్టుకున్నాయి. మామగారు ముందు ఎవరితోనూ చెప్పకుండా ఒక జత కొనుక్కొచ్చారు. అవి బిగించాలంటే పడవ ఒంటికి పిడికిలి పట్టేంత కన్నం కొయ్యాలి. ఆ మాట వినగానే ఆయనే ఒంటికాలి మీద లేచారు. "పడవకు కన్నమా? బుద్ధున్నవాడెవడైనా ఆ పని చేస్తాడా?" అని, కొన్నది తనే అన్న సంగతి మరిచిపోయి, అల్లుడిని నిలదీశారు. రెండో జత గొట్టాన్ని కరిచిపట్టుకునే రకం. కయాక్‌కు గొట్టమే లేదు. చివరికి శనివారం సాయంత్రం, దుకాణం నుంచి నీరసంగా వచ్చిన అల్లుణ్ణి కూర్చోనివ్వకుండా, వెంటబెట్టుకుని గాలాల షాపుకు తీసుకెళ్ళారు.

షాపాయన వీళ్ళని చూడగానే నిట్టూర్చి, కౌంటరు మీద కాగితాలన్నీ ఓ పక్కకు జరిపేశాడు.

"ఇది తీసుకోండి. కింద పళ్ళెం, దానికి నాలుగు బోల్టులు, పైన గొట్టం. రాడ్డు పెట్టి ఈ కట్టు తిప్పితే ఇంక ఎగరదు. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు" అన్నాడు.

మామగారు కౌంటరు ముందు స్టూలు లాక్కుని కూర్చున్నారు. హోల్డరును మోకాలి పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి వెతుక్కున్నారు. అందింది. మళ్ళీ జరిపి మళ్ళీ వెతుక్కున్నారు. వెనక నిలబడ్డవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"మామయ్యా, కళ్ళెందుకు మూసుకున్నారు?" అని అల్లుడు గొంతు తగ్గించి అడిగాడు.

"గేరు వేసేటప్పుడు గేరు వంక చూస్తామటోయ్? చూపు రోడ్డు మీద ఉండాలి, చేతికి దానంతటదే తగలాలి" అన్నారు మామగారు, షాపంతా వినబడేలా. "నల్లది కాకుండా వేరే రంగులో లేవా?"

"లేవండీ" అన్నాడు షాపాయన.

"ఉంటే చూడవయ్యా, లోపలెక్కడో ఉంటాయి."

"లోపల గోడ ఉందండీ."

అల్లుడికి నేల బీటలిచ్చి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

ఇదిగో, ఇప్పుడు ఆదివారం. హోల్డర్లు వచ్చాయి, పక్కింటివాళ్ళ డ్రిల్లు వచ్చింది. ఎక్కడ బిగించాలో తేలడమే మిగిలింది.

"ఇక్కడ" అన్నారు మామగారు, కుడి మోకాలి పక్కన వేలు పెట్టి. అల్లుడు భార్య దగ్గర కనుబొమల పెన్సిలు అడిగి తెచ్చి గుర్తు పెట్టాడు. మామగారు తెడ్డు ఊపి చూశారు. తెడ్డు తగులుతుందని తేలింది. ముందుకు జరిపారు. ఇంకో గుర్తు. చెయ్యి అందలేదు. పక్కకు జరిపారు. మరో గుర్తు. రాడ్డు బదులు చీపురు నిలబెడితే అది టీవీకి తగిలింది.

"టీవీ చెరువులో ఉండదు మామయ్యా."

"చెట్టు కొమ్మ ఉండొచ్చుగా?"

కాసేపటికి పడవ అంచంతా చీమలు బారు కట్టినట్టు గుర్తులతో నిండిపోయింది. ఏ గుర్తు ఎప్పటిదో ఇద్దరికీ తెలియలేదు. పెన్సిలు అరిగిపోయిందని భార్య కస్సుమంది. అల్లుడికి తల ప్రాణం తోకకు వచ్చింది. దుకాణంలో ఎంత చాదస్తపు మనిషైనా అద్దం చూసుకుని ఎక్కడో ఒకచోట 'సరే' అంటాడు. ఈయన నోట ఆ మాట వచ్చేలా లేదు.

"ఇదే చివరిది" అని అల్లుడు పళ్ళు బిగించి చెప్పాడు. "ఇక్కడే. చీపురు అందుతోంది, తెడ్డు తగలడం లేదు. ఇంక కదపను."

మామగారు తెడ్డు ఇంకోసారి ఊపి చూసి, "సరే కానీ" అన్నారు.

అల్లుడు డ్రిల్లు ఆన్ చేశాడు. అది చేతిలో గుర్రుమంటూ వణికింది. మొన సరిగ్గా గుర్తు మీద ఆన్చి, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

"ఆగాగు, కొంచెం ఎడమకి!" అని మామగారు భుజం మీద చరిచారు.

మొన జారింది. ఎడమకు కాదు, కుడికి. జారి, ఆగి, ఏ గుర్తూ లేని చోట పడవను చక్కగా తొలిచేసి లోపలికి దిగిపోయింది.

 వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"కొత్త పడవ" అన్నారు మామగారు.

"మీరు కొట్టారు నన్ను."

"ఎడమకి అన్నానా లేదా?"

"డ్రిల్లు తిరుగుతున్నప్పుడు భుజం మీద కొడతారా ఎవరైనా?"

"నేను నడిపేటప్పుడు నా వెనక ఎంతమంది అరిచేవాళ్ళో తెలుసా? ఒక్కసారైనా స్టీరింగు జారిందా? నీకు చేతిలో పట్టు లేదు. ఇదేమన్నా కళ్ళజోడా, ఊదితే ఎగిరిపోతుందన్నట్టు పట్టుకోవడానికి?"

ఆ మాటతో అల్లుడికి చిర్రెత్తుకొచ్చింది. ఇన్నాళ్ళు మనసులో అణుచుకున్నదంతా ఒక్కసారిగా నోటికొచ్చింది. "అయితే మీరే బిగించుకోండి. ఇదిగో డ్రిల్లు, ఇదిగో పడవ. నాకున్నది ఒక్క ఆదివారం" అని డ్రిల్లును బొంత మీద పెట్టి, సోఫాలో కూలబడ్డాడు.

"బిగించుకోలేననా?" అన్నారు మామగారు.

ఆయన పడవలోంచి దిగి, మోకాళ్ళ మీద వంగి, కుడి చేత్తో డ్రిల్లు అందుకున్నారు. నేల మీద నుంచి లేచింది. పడవ అంచు దాకా వచ్చింది. ఆ పైన చెయ్యి ఆగిపోయింది. మొహం బిగిసింది, మెడ నరాలు పొంగాయి, చెయ్యి మాత్రం పైకి రాలేదు. ఎడమ చేతికి మార్చుకున్నారు. మీట నొక్కగానే మొన పడవ మీద వంకరగా గీతలు గీసుకుంటూ పరుగెత్తింది. గబుక్కున ఆపేశారు. డ్రిల్లును కింద పెట్టి, అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు.

అల్లుడి కోపం ఎటు పోయిందో తెలియదు. భుజం దాదాపు నయమైపోయిందని, ఇంకొన్నాళ్ళు వ్యాయామం చేస్తే ఎప్పటిలా అవుతుందని మామగారు ప్రతి వారం చెప్పే మాట నమ్ముతూ వచ్చాడు.

"మామయ్యా, డాక్టరు ఏమన్నాడు, నిజం చెప్పండి."

మామగారు వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "ఇంక ఇంతే అన్నాడు. ఎప్పుడో అన్నాడు. అమ్మాయికి తెలిస్తే పడవ ఎక్కనివ్వదు. ఇల్లు కదలనివ్వదు."

"మరి వ్యాయామానికని పొద్దున్నే పోతున్నారుగా?"

"చెరువు గట్టు మీద కూర్చుని వస్తున్నాను" అన్నారాయన చిన్నపిల్లాడిలా.

తలుపు దగ్గర అలికిడైంది. కూతురు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఏమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, ఇంతకాలం నాతో అబద్ధం చెప్పావా?"

"అబద్ధం కాదే అమ్మా..." అని మామగారు నీళ్ళు నమిలారు.

"మాట్లాడకు. తర్వాత చూసుకుందాం నీ సంగతి." ఆవిడ గరిటె సోఫా మీదకు విసిరేసి, బొంత మీద కూర్చుంది. "చెయ్యి ఇంక బాగుపడదంటే పడదని చెప్పాలి. హోల్డర్లు ముందరే బిగిస్తున్నాం కదా. లే, ఎక్కి కూర్చో. ఏవండీ, మీరు డ్రిల్లు పట్టుకోండి. నాన్నా, నోరు తెరిచావంటే పడవ పక్కింటివాళ్ళకిచ్చేస్తాను."

మామగారు ఎక్కి కూర్చున్నారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా చెయ్యి చాచారు. వేళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడ కూతురు వేలు నొక్కి పట్టింది. ఆ వేలి పక్కన అల్లుడు మొన ఆన్చాడు. ఈసారి కన్నం తిన్నగా దిగింది. తర్వాతవీ, ఎడమవైపు హోల్డరువీ దిగాయి. మామగారి పెదవులు కదులుతూనే ఉన్నాయి, మాట మాత్రం బయటికి రాలేదు.

లోపలి నుంచి నట్లు బిగించడం ఇంకో నరకం. సామాన్లు పెట్టుకోవడానికి పడవ ముందు భాగంలో ఉన్న మూత తీసి, అందులోంచి చెయ్యి దూర్చాలి. అల్లుడి చెయ్యి మోచేతి దగ్గర ఇరుక్కుంది. లాగితే చర్మం చెక్కుకుపోయింది. భార్య గాజులు తీసేసి తన చెయ్యి పెట్టింది. ఆమె చేతిలోంచి ఒక నట్టు జారి పడవ పొట్టలోకి దొర్లిపోయింది. ముగ్గురూ కలిసి కయాక్‌ను ఎత్తి, ఇటు వంచి, అటు వంచి, తలకిందులు చేస్తే ఆ నట్టు గలగలమంటూ ఒక్కో మూలా తిరిగింది గానీ బయటికి రాలేదు. చివరికి మూతలోంచి ఎండిన కలుపు మొక్కలు, ఎప్పటిదో బిస్కెట్ పొట్లం రాలాయి. వాటి వెనకే నట్టు. అది చూసి అందరికంటే ముందు మామగారే నవ్వారు. కూతురు నవ్వకూడదని చూసి ఓడిపోయింది. అనవసరంగా పడ్డ కన్నంలో రబ్బరు వాషరు వేసి, ఒక పొట్టి బోల్టు బిగించి, చుట్టూ సిలికాన్ పూసి మూసేశారు. అల్లుడు దాని మీద వేలితో నునుపు చేస్తుంటే, "ఇది మాత్రం బాగా చేశావోయ్" అన్నారు మామగారు. అల్లుడు తలెత్తకుండా దాన్ని ఇంకోసారి నునుపు చేశాడు. 

తర్వాతి ఆదివారం ముగ్గురూ చెరువుకు వెళ్ళారు. మామగారు లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఒడ్డు వెంబడే తెడ్డు వేసుకుంటూ పోయారు. కూతురు గట్టు మీద నిలబడి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. చాలాసేపు ఏమీ కాలేదు. ఉన్నట్టుండి ముందరి రాడ్డు విల్లులా వంగింది. హోల్డరు కదల్లేదు. మామగారు తల తిప్పకుండానే చెయ్యి చాచి, కట్టు తిప్పి రాడ్డు అందుకున్నారు. ఒడ్డు దాకా లాక్కొచ్చిన చేప అరచెయ్యంత కూడా లేదు. దాన్ని ఎత్తి చూపించి మళ్ళీ నీళ్ళలోకే వదిలేశారు. దిగి వచ్చినప్పుడు ఆయన చొక్కా తడిసి ముద్దయింది, మొహం వెలిగిపోతోంది.

"నువ్వూ ఎక్కి చూడు అల్లుడూ. నీ చేతి పనేగా."

వద్దన్నా వినలేదు. అల్లుడు ఎక్కి తెడ్డు వేశాడు. హోల్డర్లు మామగారి పొట్టి చేతుల కొలతకు బిగించినవి. ఇతని పొడుగు చేతులకు తెడ్డు వేసిన ప్రతిసారీ వేళ్ళ కణుపులు వాటికి ఠక్కున తగిలాయి. కుడివైపు ఠక్, ఎడమవైపు ఠక్. గట్టు మీది నుంచి అరుపులు: "తెడ్డు కిందకి పట్టుకోవోయ్! నడుం వంచు! మోకాలు అటు తియ్యి!"

అల్లుడు పళ్ళు నూరుకుంటూ, ఆ గొంతు వినబడనంత దూరం పోదామని చెరువు మధ్యకు తెడ్డు వేశాడు. అక్కడ ఆగి, ఎర్రబడ్డ వేళ్ళను నీళ్ళలో ముంచి, హాయిగా కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళ మీద మాట ఎంత దూరమైనా, ఎంత స్పష్టంగానైనా వస్తుందన్న సంగతి అతనికి అప్పుడు తెలిసింది.

"అల్లుడూ! వచ్చే ఆదివారం వెనక లైటు బిగిద్దాం!"