వెనక బెంచీ

పొద్దుటి నుంచి షెడ్డులో రొయ్యల తలలు తుంచి వాచిపోయిన వేళ్లతో హెస్టర్ నోలా గౌన్లు మడతపెడుతోంది. పిల్లకు మూడేళ్లు. నెలల పిల్లగా ఉన్నప్పుడు ప్రభుత్వం వాళ్లు తెచ్చి, దత్తత తీసుకునేవాళ్లు దొరికేదాకా పెంచమని ఒళ్లో పెట్టారు. ఇప్పుడు దొరికారు. బస్సు నడిపే స్టూవర్ట్, ఆసుపత్రిలో పనిచేసే కీరన్. ఇద్దరూ మగవాళ్లే, పెళ్లి చేసుకున్నవాళ్లు. పెంచిన తల్లి మాట వినడానికి సాయంత్రం దత్తతల ఆఫీసావిడ వస్తోంది.

ఆవిడకంటే ముందే వాళ్ల చర్చి సంఘ పెద్ద నెవిన్ వచ్చి వంటింట్లో టీ తాగుతున్నాడు. హెస్టర్ భర్త ఐవన్ కిటికీలోంచి రేవులో పడవలకేసి చూస్తున్నాడు. అతని నోట మాట రావాలంటే ఐరిష్ సముద్రం ఎండిపోవాలని ఊళ్లో వేళాకోళం.

"ఒక్క మాట చాలు సిస్టర్," అన్నాడు నెవిన్. " వాళ్లని చూస్తే పిల్ల దడుచుకుంటోందని చెప్పు. నీ దగ్గరే ఉండిపోతుంది."

"దడుచుకోవడమా? ఆ స్టూవర్ట్ గుమ్మంలోకి రాగానే ఎగిరి మెడకు చుట్టుకుంటోంది బ్రదర్. నేను పిలిచినా పలకదు, దొంగముండ."

"ఇలాంటి కాపురాల గురించి బైబిలు వాక్యం ఏం చెబుతోందో నీకు తెలీదా?"

"తెలుసండీ. వాళ్ల కాపురం నాకూ మింగుడుపడట్లేదు. అబద్ధమాడొద్దన్నది కూడా ఆ వాక్యమే కదా?"

నెవిన్ కప్పు కింద పెట్టాడు. చెడ్డవాడు కాదు. ఐవన్ పడవ మునిగిన ఏడాది ఈ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసినవాడు. అతని మాట తోసెయ్యడం అందుకే కష్టం.

"పిల్లని వాళ్ల చేతుల్లో పెట్టావంటే ఆదివారం నుంచి నీకు ప్రభువు బల్లలో పాలుండదు, రొట్టె అందదు. బయటివాళ్లతో వెనక బెంచీలో కూర్చోవాలి. నాకు మాత్రం సరదానా తల్లీ?"

హెస్టర్‌కు భయం వేసింది. దానికంటే ఎక్కువగా ఆశ పుట్టింది. ఒక్క మాట అంటే పిల్లా దక్కుతుంది, బల్లా దక్కుతుంది.

సాయంత్రం ఆఫీసావిడ అడిగింది, "మీరేమంటారండీ?"

"ఆ అబ్బాయిలంటే దానికి ప్రాణం," అంది హెస్టర్. "తీసుకెళ్లమనండి."

తర్వాత స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, బయటికి వినపడకుండా ఏడ్చింది.

శుక్రవారం నోలా స్టూవర్ట్ భుజమెక్కి వెళ్లిపోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండుననిపించినందుకు హెస్టర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం ఆమె వెనక బెంచీలో కూర్చుంది. పక్కన చలికి తలదాచుకోవడానికి వచ్చిన ముసలాయన కునుకుతున్నాడు. ముందు వరుసల్లో రొట్టె చేతులు మారుతోంది. ఒక్కొక్కరూ ముక్క విరుచుకుని పక్కవాళ్లకు అందిస్తున్నారు. పెళ్లయిన నాటి నుంచీ హెస్టర్ ఆ రొట్టెను ఐవన్ చేతి నుంచే అందుకుంది. ఇవాళ అతని పక్కన చోటు ఖాళీ.

రొట్టె ఐవన్ దగ్గరికి వచ్చింది. అతను విరవలేదు. రెండు చేతుల్లో పట్టుకుని దానికేసే చూస్తున్నాడు.

'తినవయ్యా,' అనుకుంది హెస్టర్. 'నీకూ ఎందుకీ గతి?'

ఖాళీ చోటుకు అవతలున్నాయన చెయ్యి చాపాడు. నెవిన్ దగ్గాడు. వరుసలన్నీ తలలు తిప్పాయి.

ఐవన్ రొట్టె ఇవ్వలేదు. దాన్ని పట్టుకునే వెనక బెంచీకేసి తిరిగాడు.