చివరి పేజీలో బాతు

బాతు ఎంతకీ వెళ్లడం లేదు. టైలరు కొట్టులో గుడ్డపీలికల బుట్టలో మకాం పెట్టిన ఆ బాతు, పిల్లల పుస్తకం చివరి పేజీలో తన చెరువుకు వెళ్లిపోవాలి. ఆ పుస్తకం రాస్తున్న పెద్దమ్మ ఆ పేజీని పదిహేడుసార్లు రాసింది. పదిహేడుసార్లూ అది ఏదో వంక పెట్టుకుని వెనక్కి వచ్చి బుట్టెక్కి కూర్చుంది. "సాయంత్రానికల్లా బాతుని పంపించెయ్యండమ్మా, లేకపోతే పుస్తకం ఈ ఏడు అచ్చుకి వెళ్లదు" అని సంపాదకుడు పొద్దున్నే ఫోన్ చేసి తేల్చేశాడు.

"ఇంట్లో గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటే రాదు. మా స్టూడియోకి రా. బొమ్మలు కదలడం చూస్తే నీకే ఏదో తడుతుంది" అని చెల్లెలి కూతురు ఆవిణ్ణి లాక్కుపోయింది.

మోషన్ గ్రాఫిక్స్ స్టూడియో అంటే పెద్దమ్మ ఏదో ఊహించుకుంది. తీరా చూస్తే సైకిళ్లు బాగుచేసే కొట్టు పైన ఒకే ఒక్క గది. రెండు బల్లలు, మూడు తెరలు, నేలంతా వైర్లు.

"షాకు కొడతాయేమిటే?"

"కొట్టవు పెద్దమ్మా. ఇంతవరకూ ఎవరూ పోలేదు."

"ఇంతవరకూ అంటావేమిటే!"

స్టూడియో యజమాని నెరిసిన గడ్డపాయన. ఆలోచన వస్తే కుర్చీతో సహా గిరగిరా తిరుగుతాడని అందరూ బొంగరం అంటారు. ఆయన తెర మీద ఒక ముసలావిడ బొమ్మ గుమ్మం దాటి వెళ్తోంది. ఏదో ఆసుపత్రి ప్రకటనట. జబ్బు నయమై ఇంటికి పోతోందట.

"ఇదేం నడక బాబూ? బీరువాని తోసుకెళ్తున్నట్టుంది."

బొంగరం తిరగడం ఆపేశాడు. "నాలుగు రోజుల్నుంచీ నా ఏడుపూ అదేనమ్మా. మీరొకసారి నడిచి చూపిస్తారా? ఫోన్లో తీసి, దాని మీద ఒక్కో బొమ్మా గీసుకుంటాను. 'వెళ్లొస్తాను' అని తలుపు తీసుకుని వెళ్లిపోవడమే. నాలుగు సెకన్లు."

"ఓస్, అంతేనా!"

చెల్లెలి కూతురు కుర్చీలో కూర్చుంది. పెద్దమ్మ చీర సర్దుకుని, "వెళ్లొస్తానే" అని తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగింది. "పొద్దున ఏమైనా తిన్నావా?"

"తిన్నాను. నడు."

తలుపు మూసుకుంది. వెంటనే తెరుచుకుంది. "దగ్గు తగ్గిందా?"

"పోయిన నెలలోనే తగ్గింది!"

మూసుకుంది. తెరుచుకుంది. "ఆ వైరు పక్కకి జరుపు, కాలికి తగులుతుంది." చివరికి మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. బొంగరం హమ్మయ్య అనుకునేలోగా అదే చప్పుడు మళ్లీ పైకి వచ్చింది. "గడియ పెట్టుకోమని చెప్పడం మర్చిపోయానే."

"ఎంతయింది బాబూ?" అంది రొప్పుతూ.

"పదకొండు నిమిషాలమ్మా. మీరింకా వెళ్లలేదు."

"మనిషి వెళ్లడమంటే మరి మాటలా?" అని పెద్దమ్మ మూతి ముడుచుకుంది.

బొంగరం ఆ వీడియోని మాటలు వినపడకుండా వేగంగా తిప్పాడు. పెద్దమ్మ గడియారంలో పిట్టలా లోపలికీ బయటికీ పోతోంది. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. ఉన్నట్టుండి పెద్దమ్మ ఆగింది. "మెల్లగా తిప్పు బాబూ. నన్ను కాదు, దాన్ని చూడనియ్యి."

వీడియోలో ఓ అంచున చెల్లెలి కూతురు ఉంది. తలుపు మూసుకున్న ప్రతిసారీ, అది మళ్లీ తెరుచుకోకముందే, కుర్చీ చేతుల మీద అరచేతులాన్చి సగం లేస్తోంది.

"ఎందుకే లేచావు?"

"నేనా? లేవలేదే." తెర దగ్గరికి జరిగి చూసింది. "నాకు తెలీలేదు పెద్దమ్మా."

ఇన్నాళ్లూ పెద్దమ్మ వెళ్లిపోయే బాతు వీపే చూస్తూ కూర్చుంది, వెనక ఉండిపోయే టైలరుని చూడనేలేదు. పెద్దమ్మ బల్ల మీది కాగితం లాక్కుని, నిలబడే రాసేసి, సంపాదకుడికి ఫోన్లో చదివింది.

"బాతు చెరువుకు వెళ్లిపోయింది. టైలరు గుమ్మం వైపు చూస్తూ కుట్టాడు. ఆ రోజు ఒక చొక్కాకి మూడు చేతులు వచ్చాయి."

అవతల సంపాదకుడు నవ్వాడు. వెంటనే అనుమానంగా అడిగాడు. "ఇంక తిరిగి రాదు కదండీ?"

"రాదు" అంది పెద్దమ్మ. ఫోను పెట్టెయ్యబోయి, "బొమ్మలు వేసేవాళ్లకి చెప్పండి, ఆ కొట్టు తలుపు మాత్రం ఓరగా తెరిచే ఉంచాలి" అంది.