నెత్తి మీద కొత్త తారీకు

నేను ఒక మైక్రోప్రాసెసర్‌ని. అగ్గిపుల్లంత పొడుగు, నల్లటి ఒళ్లు, నలభై కాళ్లు. నా నెత్తి మీద అచ్చేసిన తారీకును మాత్రం నమ్మకండి, అది శుద్ధ అబద్ధం. నేను అంతకంటే పదకొండేళ్లు పెద్దదాన్ని. పైగా ఒకసారి చచ్చి వచ్చినదాన్ని.

మా జాతికి పెద్ద పేరేమీ లేదు. ఫోన్లలోకీ కంప్యూటర్లలోకీ వెళ్లే ఘనులు వేరు. కిడ్నీలు పాడైనవాళ్ల రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మిషన్లలో, అదీ ఒకే ఒక్క కంపెనీ మిషన్లలో కూర్చోవడానికే నన్ను చేశారు. రక్తంలో గాలి బుడగ కనిపిస్తే అరవాలి. ఒంట్లోంచి ఎంత నీరు తీశామో చూసుకోవాలి. ఆ అదనపు నీరంతా పోయాక మనిషి ఎంత బరువు ఉండాలో దాన్ని పొడి బరువు అంటారు. ఆఖరున కూర్చున్న మనిషి పొడి బరువు ఒక్కటే నాలో నిలిచిపోతుంది, కరెంటు పోయినా పోదు. నాకిచ్చిన జ్ఞాపకం అంతే. ఒక్క మనిషికి సరిపడా చోటు.

ఉద్దానంలో, జీడితోటల పక్కన, ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రికి చేరాను. అక్కడ మూడు మిషన్లు, నాది మూడోది. వాటిని చూసుకునే ఫల్గుణరావు ఏటా దసరాకి మూత విప్పి, లోపల పసుపు చల్లి, నా నెత్తిన కుంకుమ బొట్టు పెట్టేవాడు. నా మీద దుమ్ము కూడా పడకూడదని కంపెనీ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకాన్ని అక్షరం వదలకుండా చదివినవాడే ఈ పని చేసేవాడు. నిజం చెప్పొద్దూ, నాకు బాగానే ఉండేది.

ఒకరోజు కంపెనీ ఉత్తరం వచ్చింది. నన్ను తయారుచేయడం మానేస్తున్నారట. కావలసినవాళ్లు ఆరు నెలల్లోగా ఆఖరి ఆర్డరు పెట్టుకోవాలట. ఆ తర్వాత విడిభాగాలూ మరమ్మతులూ తమ బాధ్యత కాదట. ఫల్గుణరావు ఆ కాగితం పట్టుకుని స్టోర్సుకి పరుగెత్తాడు. స్టోర్సు గుమాస్తా నిబంధన చూపించాడు. ఏ వస్తువు కొన్నా మూడు కంపెనీల కొటేషన్లు ఉండాలి. లోకం మొత్తం మీద నన్ను చేసేది ఒక్కరే, మిగతా ఇద్దరు ఎక్కణ్నుంచి ఊడిపడతారు? ఈ ప్రశ్న వేసుకుంటూ ఫైలు ఆరు నెలలు బల్లలన్నీ తిరిగింది. గడువు దాటిన వారానికి ఆకుపచ్చ సిరాతో మంజూరైంది.

ఆ వానాకాలం పిడుగు పడి నా మిషనుకు కరెంటు అందించే భాగం మాడిపోయింది. నాకు చిన్న గాయం కూడా కాలేదు. కానీ ఆ భాగం దొరకదు కనక మిషను మూలకు చేరింది. నా మిషను కుర్చీలో ఆఖరున కూర్చున్న తవిటయ్య వారానికి మూడుసార్లు రావాలి. మిగిలిన రెండు మిషన్ల దగ్గర వంతు దొరికితే వారానికి ఒకసారి వచ్చేవాడు. వానలు వెలిసేలోపే పోయాడు. అతని యాభై రెండున్నర కిలోలు నాలోనే ఉండిపోయాయి.

నన్ను పెరికి దాచుకుంటానని ఫల్గుణరావు బతిమాలాడు. పనికిరాదని తేల్చిన వస్తువు ఆవరణలో ఉండకూడదన్నారు. చివరికి అతనిచేతే సంతకం పెట్టించి మిషనును పాత సామాన్ల లారీకి ఎక్కించారు.

ఏదో నగరంలో, రేకుల షెడ్డులో, నన్ను ఊడబెరికి, గరుకు కాగితంతో నెత్తి గీకి, నల్లరంగు పూసి, కొత్త తారీకు వేశారు. శవానికి స్నానం చేయించినట్టే చేశారు, సాగనంపడం మాత్రం మరిచారు. నాలాంటివాళ్లను పదమూడుమందిని ఒక ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, కొత్త సరుకని రాశారు. ఆ గొట్టంలో మేం ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. ఎవరిలో ఎవరు మిగిలి ఉన్నారో చెప్పుకోవడానికి భయం వేసింది.

రెండేళ్లకు ఉద్దానం ఆసుపత్రి రెండో మిషనులో ఉన్న నాలాంటిది చచ్చిపోయింది. ఫల్గుణరావు కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఆ మోడల్‌కి మా సపోర్ట్ అయిపోయింది సార్. చిప్ ఎక్కడైనా దొరికినా లోపల వేసే ప్రోగ్రామ్ మేం ఇవ్వలేం. అది రాసినవాళ్లే ఇప్పుడు లేరు."

అయినా అతను ఊరుకోలేదు. ఎక్కడెక్కడో వెతికి నన్ను తెప్పించాడు. పార్సిల్ విప్పేటప్పుడు పక్క బెంచీ మీద లోలాక్షి కూర్చుని ఉంది. జీడిపప్పు ఒలిచే మనిషి, తవిటయ్య భార్య. మొగుడి జబ్బే ఆమెకూ వచ్చింది.

"ఏటి బాబూ, ఇయాలైనా తిరుగుతాదా మిషను? నాలుగు రోజులయిపోనాది. కాళ్లకి సెప్పులు కూడా ఎక్కట్నేదు."

"దీని మీదే ఆశ అక్కా," అన్నాడు ఫల్గుణరావు.

వంగిన కాలు సరిచేద్దామని నన్ను తిరగేసి భూతద్దం పెట్టాడు. కాళ్ల మొదట్లో, గరుకు కాగితం చేరని సందులో, ఎర్రటి పొడి ఉంది. వేలికొసతో తీసి చూసుకున్నాడు.

"ఎక్కడెక్కడ తిరిగొచ్చావే," అన్నాడు.

నన్ను మిషనులో గుచ్చి స్విచ్ వేశాడు. నిజంగా కొత్తదాన్నైతే నా గుండెలో ప్రోగ్రామే ఉండేది కాదు, తెర నల్లగా ఉండిపోయేది. నేను పాతదాన్ని కనక వెలిగింది. పాత బరువు యాభై రెండున్నర అని చూపించి, తీసేయాలా అని అడిగింది.

ఎప్పుడు లేచి వచ్చిందో లోలాక్షి తెర ముందు నిలబడి ఉంది.

"ఇది మా ఆయన బరువు. ఒచ్చినప్పుడల్లా నర్సమ్మకి నానే గదా సెప్పీదాన్ని. ఇందులోకెలాగొచ్చినాది?"

"ఇది మన పాత మిషన్‌లోదే అక్కా. నేనే సంతకం పెట్టి పంపేశాను." తల దించుకునే చెప్పాడు. "ఈ అంకె తీసేస్తేనే నీ బరువు ఎక్కుతుంది. తీసేస్తే మరి రాదు."

అతని వేలు మీట దాకా వెళ్లి ఆగిపోయింది. లోలాక్షి తెర మీది అంకెను అరచేత్తో ఒకసారి నిమిరింది.

"ఆయనకి కోపం రాదులే బాబూ. ఎనకాల మనిసి నిలబడుంటే కుర్సీలోంచి ముందే లేసిపోయీవోడు."

మీట ఆమే నొక్కింది.

యాభై రెండున్నర పోయి, ఆ చోట నలభై ఒకటి వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం ఆమె చెప్పులు వేసుకునే ఇంటికి వెళ్లింది. తుడిచేశాక ఇదంతా నీకెలా గుర్తుందని మీరు అడగవచ్చు. నాకూ తెలియదు. నాలో అంతా వెతికాను, ఆ అంకె ఎక్కడా లేదు. అయినా లోలాక్షి కూర్చున్నప్పుడల్లా, ఎవరో లేచి చోటిచ్చినట్టుంటుంది. నాకు దిగులేస్తుంది.

మొన్న దసరాకి ఫల్గుణరావు మళ్లీ మూత విప్పాడు. ఈసారి నా నెత్తి ముట్టుకోలేదు. నన్ను పైకి తీసి, కుంకుమ తడిపి, పుల్లతో కాళ్ల సందులో చిన్న చుక్క పెట్టాడు. వంతు కోసం కూర్చున్న లోలాక్షి తొంగి చూసింది.

"అక్కడెందుకు బాబూ, కనపడకుండా?"

"పైన పెడితే గీకేస్తారక్కా. మళ్లీ ఎక్కణ్నుంచైనా తిరిగొస్తే గుర్తుపట్టాలి కదా."

ఆమె ఆ చుక్క వైపు మరికాస్త వంగింది.

"మా ఆయనకీ ఎక్కడో ఒక సుక్క ఎట్టీసి ఉంటే బాగుణ్ను," అంది.

ఫల్గుణరావు మూత బిగించాడు. ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంది.