రెండుసార్లు మోగే నంబరు

కళ్లజోళ్ల షాపులో వెనక గది పొడవు పదడుగులు. చూపు పరీక్ష చెయ్యాలంటే ఇరవై అడుగుల దూరం కావాలి. అందుకని అక్షరాల బోర్డుని కుర్చీ వెనక, కూర్చున్నవాళ్ల తలకి పైన తగిలించి, ఎదురు గోడకి అద్దం పెట్టారు. బోర్డు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి, అద్దంలో తిన్నగా కనిపిస్తాయి. వచ్చిన ప్రతివాళ్లూ మెడ తిప్పి బోర్డునే చదవబోతారు. కళ్లజోళ్లమ్మ వాళ్ల గడ్డం పట్టుకుని ముందుకి తిప్పుతుంది.

"వెనక్కి చూడకండి. వెనకున్నది ముందే కనిపిస్తుంది, చదవండి."

రోజుకి ముప్ఫైసార్లు అనే మాట. పద్నాలుగేళ్లుగా అంటోంది. మధ్యలో ఎనిమిది నెలలు మాత్రం అనలేదు. ఆ ఎనిమిది నెలల్లో ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. జుట్టంతా ఊడిపోయి, మళ్లీ ఉంగరాలు తిరిగి మొలిచింది. ఆమె మళ్లీ షాపుకొచ్చింది.

వచ్చాక తెలిసింది, జబ్బు తగ్గినా జనం తగ్గరని. కళ్లజోడు కోసం వచ్చినవాళ్లు తల ఓ పక్కకి వంచి, గొంతు తగ్గించి, "ఎలా ఉన్నావమ్మా?" అనేవాళ్లు. ఆ ఎలా అనే మాటని ఎంత సాగదీసేవాళ్లంటే, అది పూర్తయ్యేలోపు ఆమె రెండు అద్దాలు తుడిచేసేది. ఆమె పరుగు మొదలుపెట్టింది ఆరోగ్యం కోసం కాదు, ఒళ్లు మండి. పరిగెత్తే మనిషి పక్కన తల వంచుకుని నిలబడటం కుదరదు కదా.

ఆస్పత్రివాళ్లు చందాల కోసం అయిదు కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆడవాళ్లకి ఊరూరా తిరిగి ఉచితంగా పరీక్ష చేసే వ్యాను కొనాలని. పరిగెత్తేవాళ్లకీ, వాళ్ల వెంట వచ్చినవాళ్లకీ గులాబీ రంగు చొక్కా, జబ్బు తగ్గినవాళ్లకి వీపు మీద 'యోధురాలు' అని అదనపు అచ్చు.

"యుద్ధం చేసింది డాక్టరు," అంది కళ్లజోళ్లమ్మ చొక్కా తిరగేసి చూస్తూ. "నేను పడుకున్నాను."

"పడుకోవడమా? మంచం మీంచి నన్ను ఎన్ని తిట్లు తిట్టావో! అదే యుద్ధం," అంది వదిన.

వదిన అంటే భర్తకి అక్క. లైబ్రరీలో పని. తీసుకెళ్లే పుస్తకం మీద తిరిగివ్వాల్సిన తేదీ ముద్ర వెయ్యడం, గడువు దాటినవాళ్లకి ఘాటుగా ఉత్తరాలు రాయడం. ఆ ఎనిమిది నెలలూ మరదలి మంచం పక్కన స్టూలేసుకుని కూర్చున్నది ఆవిడే. వాంతికి గిన్నె పట్టింది, గుండు గీయించింది, గుండు మీద తేదీ ముద్ర వేస్తానని బెదిరించి నవ్వించింది.

పరుగు మొదలయ్యే ముందు ముఖ్య అతిథి మైకు పట్టుకున్నాడు. ఆడది తల్లి అన్నాడు, దేవత అన్నాడు, పువ్వు కూడా అన్నాడు. జబ్బు పేరు దగ్గరికొచ్చేసరికి, "ఆ... మహిళలకి వచ్చే... ఆ సమస్య..." అంటూ మంచినీళ్లు తాగాడు.

"రొమ్ము అనండి సార్! నోరేం అరిగిపోదు!" అని జనంలోంచి వదిన కేకేసింది. అందరూ నవ్వారు. కేక వేస్తున్నప్పుడు ఆవిడ కుడి చంక కింద రుద్దుకుంటోంది. ముద్రలు కొట్టీ కొట్టీ నొప్పి అని చాన్నాళ్లుగా అంటోంది.

కళ్లజోళ్లమ్మ నంబరు మూడువందల పద్దెనిమిది. బూటుకి చిప్ కట్టారు. చివర గీత దగ్గర పరిచిన రబ్బరు చాప మీద కాలు పడితే బీప్‌మని మోగుతుంది, ఎంతసేపట్లో వచ్చారో కంప్యూటర్లో పడుతుంది. నలభై ఒక్క నిమిషాలకి ఆమె చాప తొక్కింది. తువ్వాలు పట్టుకుని నిల్చున్న వదిన ఆమెని చుట్టేసి, తొమ్మిదింటి బస్సు పోతుందని లాక్కెళ్లిపోయింది.

సాయంత్రం సెకన్ల మాస్టారు ఫోన్ చేశాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, పరుగుల్లో టైము రాసేది ఆయనే.

"మీ నంబరు రెండుసార్లు మోగిందమ్మా. నలభై ఒక్క నిమిషాలకి ఓసారి, యాభై రెండున్నరకి ఇంకోసారి. రెండో మెడల్ నా దగ్గరే ఉంది. ఎప్పుడొచ్చి పట్టుకెళ్తారు?"

వదిన ఫోన్ లాక్కుంది. "రెండోసారి వచ్చింది ఎలా ఉంది మాస్టారూ? బాగా ఆయాసపడిందా?"

"ఆయాసం వినపడిందండీ. మనిషి కనపడలేదు. చాప మీద తడి అడుగులున్నాయి. అన్నీ ఎడమవే."

"ఎడమవే ఉంటాయి మరి. మా మరదలికి తీసేసింది ఎడమదేగా," అంది వదిన.

భర్త వెళ్లి రెండో మెడల్ తెచ్చి, గోడకి ఇంకో మేకు కొట్టి తగిలించాడు. ఆ తర్వాత అందరూ భోజనానికి కూర్చున్నారు.

కళ్లజోళ్లమ్మ మాత్రం కంచం ముందు లెక్క వేసుకుంటోంది. పదకొండున్నర నిమిషాలు. తన ఒంట్లోంచి కోసి తీసి, సీసాలో పెట్టి, పరీక్షకి పంపించి, ఎక్కడో కాల్చేసినది తన వెనకాల పదకొండున్నర నిమిషాల దూరంలో వస్తోంది. ఇల్లు వెతుక్కుంటూ వస్తోంది.

ఆరు నెలలకి పెట్టిన రెండో పరుగులో ఆమె ముప్ఫై ఏడు నిమిషాలకి వచ్చింది. అది నలభై నాలుగుకి. మధ్య దూరం ఏడు నిమిషాలు.

మూడో పరుగులో ముప్ఫై మూడు. అది ముప్ఫై ఏడు. నాలుగు నిమిషాలు.

ఆమె తెల్లారగట్ల లేచి స్కూలు మైదానం చుట్టూ తిరిగేది. మెట్లెక్కేది, దిగేది. షాపులో అద్దాలు తుడుస్తూ మడమలు ఎత్తి దించేది. ఎంత వేగం పెంచితే అది అంతకి మించి పెంచేది. ఆరు నెలలకోసారి చేసే పరీక్షల్లో అన్నీ బాగున్నాయని వస్తోంది. ఆమె ఆ కాగితాలు చదవడం మానేసింది. ఆమె చూసేది సెకన్ల మాస్టారు పంపే కాగితమే. అది తనని అందుకున్న రోజు జబ్బు తిరిగొచ్చినట్టే అని మనసులో రాసేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. గీత దాటగానే రెండో బీప్ చెవిన పడకముందే, ఇప్పుడు తనే వదిన చెయ్యి పట్టుకుని, "పద వదినా, పద పద," అని గేటు దాకా ఈడ్చుకెళ్లేది.

నాలుగో పరుగునాటికి చందాలు నిండి పరీక్షల వ్యాను వచ్చింది. గులాబీ రంగు, రిబ్బను, కొబ్బరిరంగు పరదాలు. సరిగ్గా గీత పక్కనే నిలబెట్టారు. ఆరువందలమంది ఆడవాళ్లు దాని కోసం పరిగెత్తి, దాని ముందు ఫొటోలు దిగి, దాని మెట్టెక్కకుండా ఇళ్లకి పోయారు. లోపల లేడీ డాక్టరు మధ్యాహ్నం దాకా గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

"నువ్వెళ్లు వదినా ఓసారి," అంది కళ్లజోళ్లమ్మ.

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను. పద, బస్సు."

ఆరోజు మధ్య దూరం నిమిషం యాభై సెకన్లు.

అయిదో పరుగుకి వారం ముందు సెకన్ల మాస్టారు చూపు ఆనడం లేదని షాపుకొచ్చాడు. కుర్చీలో కూర్చోగానే అందరిలాగే మెడ తిప్పాడు. ఆమె గడ్డం పట్టుకుని ముందుకి తిప్పింది.

"వెనకున్నది ముందే కనిపిస్తుంది, చదవండి మాస్టారూ."

ఆయన రెండు వరుసలు చదివి ఆగాడు. అద్దంలో ఆమె మొహం చూశాడు.

"ఒకటి చెప్పాలమ్మా. మీరు ఎప్పుడూ ఆగరు కాబట్టి చెప్పడం కుదర్లేదు. అది గీత దాటాక ఊరికే పోదు. ఎవరినో వెతుకుతుంది."

ఆమె అద్దాల పెట్టె మూత వేసింది. "నన్నే కదా."

"నేనూ అలాగే అనుకున్నా. నాలుగుసార్లు అడుగులు చూశాను. మీరు వచ్చి ఆగిన చోటుని దాటి పోతాయవి, అక్కడ ఒక్క అడుగు కూడా నిలబడదు. తువ్వాలు పట్టుకుని మీ వదినగారు నిల్చుంటారే, ఆ చోటు చుట్టూ తిరుగుతాయి. గుండ్రంగా, పదిసార్లు, పాతికసార్లు. కిందటిసారి నేల ఆరడానికి గంట పట్టింది."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అద్దంలో బోర్డు మీది అక్షరాలన్నీ తిన్నగా ఉన్నాయి. కళ్లజోళ్లమ్మకి ఒక్కసారిగా వదిన చెయ్యి కనిపించింది. కుడి చంక కిందికి పోయి రుద్దుకునే చెయ్యి. కూరగాయలు తరుగుతూ, బస్సు కమ్మీ పట్టుకుని, జనంలో కేక వేస్తూ రుద్దుకునే చెయ్యి. ఎన్నేళ్లుగా కళ్ల ముందే ఉందది!

ఆ సాయంత్రమే పరీక్ష చేయించుకోమని వదినకి చెప్పింది. వదిన వినలేదు.

"ముద్రలు నువ్వు కొడుతున్నావా, నేను కొడుతున్నానా? నా చంక సంగతి నాకు తెలీదా?"

"గడువు దాటితే ఊరందరికీ ఉత్తరాలు రాస్తావు. నీకు ఎవరు రాయాలి?"

"చాల్లే, వాదించకు. ఆ మందులతో పాటు నీకు నోరు కూడా ఎక్కించారు," అని వదిన లోపలికి పోయి గిన్నెలు గట్టిగా సర్దింది. చాలాసేపు సర్దింది. స్టూలు మీద ఎనిమిది నెలలు కూర్చుని చూసిన మనిషి. అక్కడ ఏమేం చేస్తారో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. అందుకే ఆ భయం.

అయిదో పరుగు. మబ్బు పట్టింది గానీ వాన లేదు. మూడో కిలోమీటరు దగ్గర కళ్లజోళ్లమ్మకి మొదటిసారి వెనక చప్పుడు వినిపించింది. టప్. కాసేపాగి, టప్. ఒంటికాలి చప్పుడు. పక్కన పరిగెత్తే అమ్మాయి వెనక్కి చూసి, దారికి అడ్డం లేకుండా కొంచెం జరిగింది. నాలుగో కిలోమీటరు దగ్గర ఆయాసం వినిపించింది. ఆ ఆయాసం తనదే. మత్తులోంచి లేచిన రోజు, కట్టు కింద ఎడమవైపు తడుముకుని, అక్కడ ఏమీ తగలనప్పుడు తీసిన ఊపిరి. మెడ వెనక చల్లగా తాకింది.

కాళ్లు వాటంతట అవే దూకబోయాయి. రెండేళ్లుగా నేర్పిన కాళ్లు. ఇంకో మూడువందల అడుగులు ఊపిరి బిగబట్టి పరిగెడితే చాలు, ఈసారికీ తప్పించుకోవచ్చు. గీత కనిపిస్తోంది. గీత అవతల తువ్వాలు కనిపిస్తోంది.

ఇది నన్ను పట్టుకుంటే? అనుకుంది. పట్టుకోనీ. ఆ స్టూలు మీద కూర్చోవడం ఈసారి నా వంతు.

చాపకి అడుగు దూరంలో ఆగిపోయింది. పక్కకి జరిగి దారి ఇచ్చింది.

"ఏమే! గీత ముందర ఆగిపోయావేంటి? కాలు బెణికిందా?" వదిన కేక.

ఎడమ భుజం పక్కనుంచి తడిగాలి దూసుకుపోయింది. చాప మీద ఎవరూ లేరు. బీప్ మోగింది. సెకన్ల మాస్టారు లేచి నిలబడి, చేతిరాతతో మూడువందల పద్దెనిమిది అని రాసుకున్నాడు. తడి అడుగులు, అన్నీ ఎడమవే, నేల మీద ఒకటొకటిగా అచ్చు పడుతూ తిన్నగా వదిన వైపు పోయాయి. ఈసారి గుండ్రంగా తిరగలేదు. ఎదురుగా ఆగాయి.

వదిన చేతిలో తువ్వాలు జారి కింద పడింది. ఆవిడ తల వంచి తన చొక్కా చూసుకుంది.

గులాబీ చొక్కా మీద, కుడివైపు, చంకకి కాస్త కింద, తడి ముద్ర. అయిదు వేళ్లు, అరచెయ్యి. ఎదురుగా నిలబడిన మనిషి ఎడమ చెయ్యి చాస్తే ఎక్కడ తగులుతుందో సరిగ్గా అక్కడ.

కళ్లజోళ్లమ్మ గీత దాటింది. రెండో బీప్ ఈసారి తనది. నేల మీద అడుగులు ఆరిపోతున్నాయి. చొక్కా మీది ముద్ర మాత్రం ఆరలేదు.

"బస్సు పోతుందే," అంది వదిన.

"పోనీ వదినా. పద, నేను పక్కనే కూర్చుంటాను."

గీత పక్కన నిలబెట్టిన వ్యాను మెట్టు ఎక్కించింది. లేడీ డాక్టరు గోళ్లు చూసుకోవడం మానేసి లేచింది. లోపల స్టూలు ఉంది. కళ్లజోళ్లమ్మ దాన్ని లాక్కుని కూర్చుంది.

వదినకి బయటపడిన గడ్డ చొక్కా గుండీలో సగం కూడా లేదు. పది రోజుల తర్వాత ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఫిల్మును వెలుగుకి పెట్టి చూసి, "ఇంకో ఏడాది ఆగితే నేను చెప్పే మాట వేరేలా ఉండేదమ్మా. ఇంత లోపలున్నది చేతికి కూడా అందదే. ఎలా కనిపెట్టారు?" అన్నాడు.

"ముద్ర పడిందండీ," అంది వదిన.

డాక్టరు తలూపి కాగితం మీద రాసుకున్నాడు.

కొంచెమే కోశారు, రొమ్ము ఉంచారు. మందులు పడ్డాయి, ఆవిడ కూడా బోలెడు తిట్లు తిట్టింది, కళ్లజోళ్లమ్మ స్టూలు మీద కూర్చుని అన్నీ పడింది. రిపోర్టులు బాగానే వస్తున్నాయి. ఇద్దరివీ.

ఆ తర్వాతి ఏడాది పరుగులో వదిన కూడా నంబరు కట్టింది. రెండువందల నాలుగు. పరుగు అనకూడదు గానీ, నడుస్తూ, ముఖ్య అతిథిని వెక్కిరిస్తూ, యాభై ఎనిమిది నిమిషాలకి మరదలితో కలిసి చాప తొక్కింది. మూడువందల పద్దెనిమిది ఒకసారి మోగింది. రెండువందల నాలుగు ఒకసారి మోగింది. జనం మెడల్స్ వేసుకుని, తువ్వాళ్లు దులుపుకుని, గేటు వైపు కదిలారు. ఎవరో అక్కలు, ఎవరో చెల్లెళ్లు, ఎవరో తల్లులు. వ్యాను వైపు ఎవరూ చూడలేదు.

అప్పుడు దూరంగా, మలుపు దగ్గర వినిపించింది. చిన్న చప్పుడు. కోసింది కొంచెమే కాబట్టి కాబోలు, పసిపిల్ల అడుగంత చప్పుడు. టప్. కాసేపాగి, టప్.

మలుపులో నేల మీద వేలెడు పాదం అచ్చు పడింది. కుడిది.

కళ్లజోళ్లమ్మ, వదిన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెకన్ల మాస్టారు సర్దేసిన కాగితాలు మళ్లీ విప్పి పెన్ను తీశాడు. వదిన గబగబా గేటు దగ్గరికి పోయి, రెండు రెక్కలూ మూసి, వీపు ఆనించి నిలబడింది.

"ఎవరూ కదలొద్దు," అంది. "ఇంకొకరు రావాలి."