సీమలో మూడో ఏడు

సాంబమూర్తి సీమ నుంచి తెచ్చిన కాగితంలో అతని గురించి మంచి తప్ప చెడ్డ ఒక్క ముక్క లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అది నలభై ఎనిమిదో సంవత్సరం. మైలవరం నేతగాడు చౌడయ్య ఒక్కగానొక్క కొడుకు సాంబమూర్తి. బెజవాడ గవర్నర్‌పేటలో నేతపని పాఠశాల, మూడేళ్ల డిప్లొమా. రెండేళ్లు ఇక్కడ చదివాక, మూడో ఏడు ఇంగ్లండులో చదివొస్తే ఇక్కడి చదువు కిందే జమకడతామని పాఠశాలవారే ఓడ ఎక్కించారు. ఆ డిప్లొమా నెలాఖరులోగా చూపిస్తే మైలవరం నేతగాళ్ల సంఘంలో సూపర్‌వైజరు ఉద్యోగం. చౌడయ్య అప్పుడే వీధి వీధంతా చెప్పుకొచ్చాడు. చెప్పుకోడా మరి, కన్నతండ్రి.

తండ్రీకొడుకులు ఎదురుగా నిలబడి ఉండగా ప్రిన్సిపాలు వెంకటకృష్ణారావు గారు ఆ కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"మీవాడు అక్కడి పిల్లలకి గుంట మగ్గం బ్రహ్మాండంగా నేర్పాడని రాశారయ్యా."

"సంతోషం బాబూ."

"ఏం సంతోషం? నేర్పొస్తే జమ కాదు. నేర్చుకుని రావాలని నిబంధన."

సాంబమూర్తి నేలచూపులు చూశాడు. వెళ్లిన వారానికే అక్కడివాళ్లు తోటలో గుంట తవ్వించి, ఇతన్ని దింపి, చుట్టూ చేరారు. ఆ ఏడాదంతా అతనే పంతులు. కాదనడానికి మొహమాటం. పైగా, నిజం చెప్పొద్దూ, బాగానే ఉండేది.

"ఒకడికి చెప్పాలంటే ముందు తనకి వచ్చుండాలి గదండి," అన్నాడు చౌడయ్య.

ప్రిన్సిపాలు గారికి ఆ మాట నచ్చింది. దయగల మనిషి, నిబంధనల పుస్తకం తిరగేసి దారి వెతికారు. అనుభవమున్న నేతగాడు ఎవరైనా పరీక్షించి, పని వచ్చునని వేలిముద్ర వేస్తే చాలునట. ఆ నేతగాడు తండ్రి కాకూడదని ఎక్కడా లేదు.

"నీది నలభై ఏళ్ల చెయ్యి. మూరెడు నేయించు, చూడు, వేలు పెట్టు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోండి."

సాంబమూర్తి పాఠశాల మగ్గం గుంటలోకి దిగి మధ్యాహ్నానికి మూరెడు గుడ్డ నేసి తండ్రి చేతికిచ్చాడు. చౌడయ్య దాన్ని ఒళ్లో పరుచుకుని కళ్లు మూసుకున్నాడు. వాళ్లలో గుడ్డ చూడడమంటే అంతే, చూసేది వేలు. వేలు ఆగినచోట ఎర్రదారం ముడి వేస్తారు. ముడి పడిన గుడ్డ అమ్మకానికి పోదు.

వేలు ఆగింది. ముడి పడింది. బెత్తెడు పోనిచ్చి మళ్లీ ఆగింది. మొత్తం ఏడు ముడులు. అడ్డదారం ఒకచోట బిగువు, ఒకచోట వదులు. వెళ్లేముందు ఈ చేతికి ఈ రోగం లేదు. ఏడాది పొడుగునా ఇది తప్పని చెప్పే దిక్కు లేక, నేసినదానికల్లా చప్పట్లు కొడుతుంటే ఏ చెయ్యి మాత్రం పాడవదు? చౌడయ్యకు దుఃఖం పొంగుకొచ్చింది. ప్రిన్సిపాలు గారు ఇంకు డబ్బా ఇటు జరిపారు.

"వీడికింకో ఏడు పట్టుద్దండి," అన్నాడు చౌడయ్య.

"ఉద్యోగం పోతుందయ్యా. నీ కొడుకేగా."

"కొడుకేనండి. రేపు మా వీధోళ్ల గుడ్డకి తప్పులు పట్టాల్సింది వీడే. ఏ మొహం పెట్టుకుని పడతాడు?"

వెంకటకృష్ణారావు గారు ఏడు ముడులూ స్వయంగా తడిమి చూసి, కుర్చీలో వెనక్కి వాలారు. "మళ్లీ చదవమంటే ఎవరి దగ్గర చదువుతాడు? మూడో ఏడు నేత చెప్పే మనిషి లేకేగా మేం సీమకి పంపింది."

ఆ మాట అన్నాక ఆయన చౌడయ్య వంక చాలాసేపు చూశారు.

ఇంటికి చేరాక హనుమాయమ్మ అడిగింది, ఉద్యోగం వచ్చిందా అని. వచ్చిందన్నాడు మొగుడు.

"మరి వాడి మొహం అట్టా ఉందేం?"

"వచ్చింది నాకు."

ఆవిడ ఇద్దరినీ ఎగాదిగా చూసి, పీటలు వేసి అన్నం పెట్టింది. సూపర్‌వైజరు పని నెల తిరక్కుండా వేరొకరికి పోయింది. సాంబమూర్తి తండ్రితో మాట మానేశాడు. ఒకే బస్సులో బెజవాడ వెళ్లినా చెరో కిటికీ పట్టుకున్నారు.

మొదటిరోజు మూడో ఏడు తరగతిలో కొత్త పంతులు హాజరు పిలవాలి. చౌడయ్యకు అక్షరం ముక్క రాదు. పట్టీ కొడుకు చేతికే ఇచ్చాడు. సాంబమూర్తి తొమ్మిది పేర్లు చదివాడు, తొమ్మిదిమందీ పలికారు. పదో పేరు తనది. చదివాడు. తరగతి చూస్తోంది. చౌడయ్య తలెత్తలేదు, వీడు పలక్కపోతే తను చేయగలిగింది లేదని అతనికి తెలుసు.

సాంబమూర్తి పట్టీ మూసి, లేచి నిలబడ్డాడు.

"ఉన్నానండీ," అన్నాడు నాన్నతో.