శనివారం నవ్వు, ఆదివారం సాక్ష్యం

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. టీవీ ప్రోగ్రాముల మీద సమీక్షలు రాసే పని నాకు దొరికిందే ఆ కోపం వల్ల. రాజమండ్రి నుంచి నడిచే ఒక వెబ్‌సైటుకి వారం వారం రాస్తాను. కింద "కెజియా, అంబాజీపేట" అని పడుతుంది. ఏ సీరియల్లో ఏ అత్తగారు దేనికి కళ్ళు పెద్దవి చేసిందో, నవ్వు రాకపోయినా ఏ కామెడీ షో జడ్జి బల్ల చరిచాడో మొహమాటం లేకుండా రాసేస్తాను. చదివేవాళ్ళకి కావలసింది కూడా అదే.

"నవ్వుల రేవు" అని శనివారం సాయంత్రం లైవ్‌లో వచ్చే స్కిట్ల ప్రోగ్రాం ఒకటుంది. లైవ్‌లో తప్పు దొర్లితే దిద్దుకోవడానికి ఉండదు కాబట్టి ఆ నటులంటే నాకు కాస్త గౌరవం. ఇన్నాళ్ళూ అందులో వెనకాల పోలీసుగా నిలబడి, శవంగా పడుకుని కాలక్షేపం చేసిన మా పేట కుర్రాడు సన్నీకి మొదటిసారి సొంతంగా స్కిట్ రాసి ఆడే అవకాశం వచ్చింది. మా పాస్టరు అబ్రహాము గారిని మేమంతా అయ్యగారు అంటాం. ఆయన అంతకుముందు ఆదివారమే చర్చిలో ప్రకటించారు. పాటలు తెర మీద వెయ్యడానికి కొన్న ప్రొజెక్టరు ఉంది కదా, శనివారం అందరం చర్చిలో కూర్చుని చూద్దాం, మర్నాడు ఆరాధనకి సన్నీ వస్తాడు, శాలువా కప్పుదాం అన్నారు.

నాకు మాత్రం ఆ ఆదివారం సన్నీ కోసం కాదు, పింకీ కోసం ముఖ్యం. పింకీ ఆ రోజు సాక్ష్యం చెప్తానంది.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. అక్కడ ఏం పడ్డారో, దేవుడు ఎలా దాటించాడో చెప్తారు. ఇంట్లో చెప్పనివి, కట్టుకున్నవాడికి కూడా చెప్పనివి ఆ మైకులో బయటికొస్తాయి. విన్నవాళ్ళం స్తోత్రం అంటాం. గుమ్మం దాటాక ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదని ఎవరూ రాసిపెట్టలేదు గానీ, ఎత్తరు.

పింకీ మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఏడాది తిరక్కుండా వచ్చేసింది. తిండి పడలేదని వాళ్ళమ్మతో చెప్పింది. ఆ ఇంట్లో ఆ పిల్లని కొట్టారు, గదిలో పెట్టి తాళం వేశారు. ఈ సంగతి నాకూ మా సలోమి పిన్నికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. మాకైనా పూర్తిగా తెలియదు. ఇప్పుడు ఆ పిల్లని పంపిన ఏజెంటే మా పేట నుంచి ఇంకో ఇద్దరమ్మాయిల్ని అదే ఊరు పంపుతున్నాడు. పాస్‌పోర్టులు వచ్చేశాయి, కొత్త సూట్‌కేసులు కూడా కొనుక్కున్నారు. పింకీ నోరు విప్పితే వాళ్ళు ఆగుతారు. లేకపోతే వెళ్ళిపోతారు.

"నేను చెప్పేను కదమ్మా. చెప్తే బరువు దిగుద్ది. నవ్వుతా చెప్పు, ఏడుస్తా చెప్పు, నీ ఇష్టం. వినేది మనోళ్ళే కదా" అని పిన్ని ఆ పిల్ల వెంటపడి ఒప్పించింది.

పిన్ని సాక్ష్యం మా పేటలో అందరికీ గుర్తే. కువైట్‌లో చాలా ఏళ్ళు ఇంటిపని చేసి వచ్చింది. మనిషి తమాషాగా మాట్లాడుతుంది. ఆవిడ మైకు పట్టుకుని అక్కడి ఇంటి మేడమ్ నడకని నడిచి చూపించింది. వాళ్ళ రొట్టెని పెనం మీద పెసరట్టులా తిరగేసి చీవాట్లు తిన్న సంగతి చెప్పింది. ఆ ఇంటి ముసలాయన చింతకాయ పచ్చడి నాకి, కళ్ళంట నీళ్ళు కారుతుంటే ఇంకా పెట్టమన్న సంగతి చెప్పింది. మేము పొట్టలు పట్టుకుని నవ్వాం. తరవాత మా అమ్మమ్మ పోయిన రోజు గురించి చెప్పింది. పంపమంటే పంపలేదట. ఇక్కడ సమాధి చేస్తుంటే ఫోన్లో చూస్తోంది, సగంలో మేడమ్ ఫోన్ లాక్కుంది. ఏడిస్తే ఊరుకోరని బట్టలుతికే గదిలోకి పోయి, బట్టలు లేకుండా ఖాళీ వాషింగ్ మెషిన్ వేసి, ఆ చప్పుడులో అమ్మా అమ్మా అని ఏడ్చిందట. అది చెప్పేటప్పుడు పిన్ని నవ్వలేదు, మేమూ నవ్వలేదు. చర్చిలో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది.

ఆ రోజు మూడో వరసలో సన్నీ కూర్చున్నాడు.

శనివారం సాయంత్రం చర్చి నిండిపోయింది. పిల్లలు తెర ముందే చాపల మీద చేరారు. పిన్ని మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. సన్నీ ఆవిణ్ణి చిన్నప్పట్నించీ అత్తా అనే పిలుస్తాడు, ఆవిడ చేతి అన్నం తిని పెరిగాడు. పింకీ నా పక్కన కూర్చుంది.

స్కిట్ పేరు "కువైట్ కాంతం". సన్నీ చీర కట్టి, సవరం పెట్టి, సూట్‌కేసు లాక్కుంటూ వచ్చాడు. చర్చి అంతా ఈలలు. కాంతం వాళ్ళ మేడమ్ నడక నడిచి చూపించింది. అది పిన్ని చర్చిలో నడిచి చూపించిన నడకే. కాంతం రొట్టెని పెసరట్టులా తిరగేసింది. పిన్ని పకపకా నవ్వి, "నాదే, నాదే" అని పక్కావిడ భుజం మీద కొట్టింది. అప్పటికింకా ఆవిడ సంతోషంగానే ఉంది.

తరవాత స్టేజి మీదకి వాషింగ్ మెషిన్ తెచ్చారు.

కాంతానికి ఫోన్ వచ్చింది, అమ్మ పోయింది. కాంతం మెషిన్ని కావలించుకుని స్విచ్ వేసింది. మెషిన్ ఊగింది, దాంతో పాటు సన్నీ ఊగాడు. "అ-అ-అ-మ్మా-ఆ-ఆ" అని గొంతు వణికిస్తూ ఏడిచాడు. సవరం ఊడి మెషిన్లో పడింది. జడ్జి కుర్చీలోంచి జారిపోయాడు. స్టూడియోలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా చర్చిలో పిల్లలు నవ్వారు, పిల్లల్ని చూసి పెద్దవాళ్ళు కొందరు నవ్వారు, ఆ తరవాత గుర్తొచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే నోళ్ళు మూసుకున్నారు. గుర్తొచ్చాక కూడా నవ్వినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు.

పిన్ని లేచి వెళ్ళిపోలేదు. వెళ్ళిపోతే అది తనేనని టముకు వేసినట్టవుతుంది. చెంగు తల మీదకి లాక్కుని, చివరిదాకా తెరవైపే చూస్తూ కూర్చుంది. అయిపోయాక, "బాగా చేసేడమ్మా" అంది నాతో.

ఇంటికొచ్చేసరికి మా వెబ్‌సైటు ఎడిటర్ శివశంకర్ గారు ఫోన్ చేశారు.

"చూసేరా అండీ? ఆయ్, మన జిల్లా కుర్రోడండి. సోషల్ మీడియాలో ఒకటే గోల. నాలుగు స్టార్లకి తగ్గకుండా చూడండి. మనోళ్ళని మనమే ఎత్తాలి కదండీ."

"చూసిందేదో రాస్తానండి" అని పెట్టేశాను.

రాశాను. కోపంలో కూడా న్యాయం తప్పకూడదని నాకో పిచ్చి ఉంది. అందుకని మొదటి పేరాలో సన్నీ నటన గురించి నిజమే రాశాను. ఎక్కడ ఆగాలో తెలిసినవాడని, లైవ్‌లో సవరం ఊడినా తడబడలేదని, ఈ ప్రోగ్రాంలో ఇంత పట్టుగా ఆడినవాళ్ళు తక్కువని రాశాను. తరవాత అసలు సంగతి రాశాను:

"ఈ కథ ఈ కుర్రాడి సొంతం కాదు. దీన్ని ఒకావిడ తనవాళ్ళనుకున్న మనుషుల ముందు నిలబడి చెప్పుకుంది. ఎక్కడ నవ్వించాలో ఆవిడే ఎంచుకుంది, ఎక్కడ నవ్వకూడదో కూడా ఆవిడే ఎంచుకుంది. ఆవిడ నవ్వించిన చోట్ల ఇతను కష్టపడింది ఏమీ లేదు, ఉన్నదున్నట్టు దింపేశాడు. ఆవిడ నవ్వని ఒకే ఒక్క చోటుని పట్టుకుని, అక్కడే పెద్ద నవ్వు పెట్టాడు. దీన్ని హాస్యం అనడానికి నాకు నోరు రావడం లేదు. తల్లి శవాన్ని కూడా చూడనివ్వని ఇంటివాళ్ళ మీద ఒక్క జోకు లేదు. ఏడ్చిన పనిమనిషి మీద అన్నీ జోకులే. జడ్జిగారు కుర్చీలోంచి పడ్డారు, ఆయన్ని ఎవరూ లేపకుండా ఉండాల్సింది. ఒక్క స్టారు కూడా ఇవ్వను."

పంపించి పడుకున్నాను. కోపం రాసేస్తే తగ్గుతుందంటారు గానీ, నాకు తగ్గలేదు.

పొద్దున్న చర్చి ఆవరణలో అడుగు పెడుతుంటే మా పేట కొండయ్య గారు ఎదురొచ్చారు. "బాగా రాసేవమ్మా. మనోడికి నాలుగు స్టార్లు! మనమ్మాయే రాయడం ఇంకా గొప్ప" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఫోన్ తీసి చూశాను. "నవ్వుల రేవులో కోనసీమ కెరటం" అని పెద్ద అక్షరాలు. నాలుగు స్టార్లు. మొదటి పేరా యథాతథంగా ఉంది. రెండో పేరా లేదు. దాని బదులు "కుటుంబమంతా కలిసి చూడదగ్గ స్కిట్" అని ఒక వాక్యం ఉంది. కింద నా పేరు, ఊరు.

అక్కడే గోడ పక్కకెళ్ళి శివశంకర్ గారికి ఫోన్ చేశాను.

"కొంచెం ఎడిట్ చేసేనండి. మరీ ఘాటుగా ఉంది కదండీ. మీకూ మంచిదే, ఆ పేటలో బతకాలి కదండీ మీరు."

"నా పేరు తీసెయ్యండి. ఇప్పుడే తీసెయ్యండి."

"ఆయ్, సోమవారం చూద్దావండి" అని పెట్టేశాడు. ఇక నుంచి గారు అనను, ఆ మనిషికి అది దండగ.

ఇంతలో సన్నీ వచ్చాడు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, మొహాన పౌడరు ఇంకా పూర్తిగా పోలేదు. నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, నీ రివ్యూ మా టీమంతా చదివేరు. థాంక్స్ అక్కా."

"సిగ్గుండాలి రా నీకు. ఆవిడ సాక్ష్యం రా అది."

వాడు నిజంగానే తెల్లబోయాడు. "ఏంటక్కా? అత్త చెప్పినప్పుడు మనందరం నవ్వేం కదా."

"మెషిన్ దగ్గర నవ్వేమా? గుర్తుచేసుకో. అక్కడ ఒక్కళ్ళన్నా నవ్వేరా?"

సన్నీ ఆలోచించాడు. "నవ్వినట్టే గుర్తక్కా" అన్నాడు మెల్లగా. అబద్ధమాడితే చెంప పగలగొట్టేదాన్ని. వాడికి నిజంగా అలాగే గుర్తుంది. అది చూసి నాకు ఇంకా మండింది.

వాడు వెళ్ళి పిన్ని కాళ్ళ దగ్గర వంగాడు. ఆవిడ లేపి, "టిఫినేమన్నా తిన్నావా?" అని అడిగింది. పిన్ని మీద కూడా కోపం వచ్చింది నాకు. అంత మంచితనం ఎవరికి మేలు చేసింది?

గంట కొట్టారు. లోపలికెళ్ళి ఆడవాళ్ళ వైపు పింకీ పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల చూస్తున్న ఫోన్ మూసేసి, కొంచెం జరిగి, వాళ్ళమ్మ పక్కకి వెళ్ళి కూర్చుంది. మాట్లాడాలంటే భయంగా ఉందేమో అనుకున్నాను. అవతల మస్కట్ వెళ్ళబోయే అమ్మాయిలిద్దరూ కొత్త బట్టల్లో కూర్చుని ఉన్నారు. సన్నీకి శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. చర్చి ఆరాధన ఫోన్లో లైవ్ పెడతారు మా దగ్గర. స్టాండు మీద ఫోన్ తెరిచే ఉంది.

"సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే రావాలి" అన్నారు అయ్యగారు.

పింకీ కదల్లేదు. పిన్ని వెనక్కి తిరిగి చూసింది. అయ్యగారు కాసేపు ఆగి, "ఎవరూ లేకపోతే, మంగళవారం ప్రయాణమవుతున్న మన బిడ్డలిద్దరి కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు. ఆ అమ్మాయిలిద్దరూ లేచి ముందుకొచ్చి మోకరించారు.

నేను లేవబోయాను. వీళ్ళు వెళ్ళేది ఎలాంటి ఇళ్ళకో, అక్కడ తాళాలు ఎలా పడతాయో నేనే చెప్పేద్దామని గొంతుదాకా వచ్చింది. కానీ అది నాది కాదు. ఆ పిల్ల చెప్పొద్దనుకున్న మాట ఆ పిల్లని అడక్కుండా నేను మైకులో చెప్పేస్తే, సన్నీకీ నాకూ తేడా ఏముంది? కూర్చుండిపోయాను. ఒళ్ళంతా మండుతోంది.

అప్పుడు పింకీ లేచింది. మైకు దగ్గరికి వెళ్ళింది. గొంతు సన్నగా ఉంది గానీ వణకలేదు.

"నేను చెప్తానండి అయ్యగారు. ఆ ఫోన్ ఆపెయ్యండి. సన్నీ అన్నయ్యని, కెజియా అక్కని బయటికి వెళ్ళమనండి. అప్పుడు చెప్తాను."

చర్చి అంతా నావైపు తిరిగింది. అయ్యగారికి ఏం చెయ్యాలో తోచలేదు. మా పిన్నే లేచి ఆ ఫోన్ కట్టేసి, నావైపు చూసి, తలతో గుమ్మం చూపించింది. నేను రాసింది అది కాదని అరవాలనిపించింది. అరిస్తే పింకీ కూర్చుండిపోతుంది. లేచి బయటికి నడిచాను. నా వెనకాలే సన్నీ వచ్చాడు. లోపలి నుంచి ఎవరో తలుపులు దగ్గరగా వేశారు.

ఇద్దరం మెట్ల మీద నిలబడ్డాం. లోపల మైకు కూడా ఆపేసినట్టున్నారు, మాట వినపడటం లేదు. కాసేపటికి ఎవరో పెద్దగా ఏడ్చారు. పింకీ కాదు. మోకరించిన అమ్మాయిల్లో ఒకళ్ళ తల్లి గొంతు అది.

సన్నీ శాలువా తీసి చేతిలో పట్టుకున్నాడు. "నన్నంటే సరే అక్కా" అన్నాడు. "నిన్నెందుకు పంపేసింది?"

"పొద్దున్న ఆ రివ్యూకి నాకు థాంక్స్ చెప్పేవు కదా" అన్నాను. "అందుకే."