నలభై మూడో నంబరు

"పదకొండు. మల్లన్న, తండ్రి భూమన్న, వయసు నలభై" అని సిద్దిరాములు ఆ పొద్దు మూడోసారి చదివాడు. లక్సెట్టిపేట పక్క ఊళ్లో ఆయన మస్కూరి. చావడి ఊడ్వడం, పట్వారి వెనక దస్తరం మోయడం, చాటింపు వేయడం ఆయన పని. దేశంలో రెండో సాధారణ ఎన్నికలొస్తున్నాయని నెల రోజులుగా ఓటర్ల పట్టిక చదివి వినిపించడం కూడా నెత్తిన పడింది. కూడబలుక్కుని చదివే మనిషి కనుక, నకలు ఇంటికి తెచ్చుకుని సాధన చేస్తాడు.

వినేది ఒక్కతే, ఆరేళ్ల మనుమరాలు తారాబాయి. ఎవరి మొహమూ చూడదు, పిలిస్తే పలకదు, గంటల తరబడి చింతగింజలు వరుసగా పేరుస్తుంది. తాత పట్టిక రాగం ఎత్తితే మాత్రం వచ్చి మోకాలికి ఆనుకుంటుంది. ఒక్క పేరు దాటేసినా ఆయన వేలు పట్టి వెనక్కి లాగుతుంది. అట్లా వింటూ వింటూ మాట మొదలుపెట్టింది. వాకిట్లో పోయేవాళ్లను పట్టికతోనే పలకరించేది.

"లస్మవ్వ, భర్త హనుమండ్లు, వయసు యాభై రెండు."

నలభయ్యేనని చెప్పుకుతిరిగే లస్మవ్వ ఆ సందులో నడవడమే మానుకుంది.

పిల్ల తల్లి, సిద్దిరాములు కోడలు రామవ్వకు మాత్రం పేరుతో పిలుపు లేదు. పేర్లు రాసుకునేవాళ్లకు సిగ్గుపడి చెప్పకపోతే, నలభై మూడో నంబరులో "దేవదాస్ భార్య" అని రాసుకుపోయారు. బిడ్డా అదే అంటుంది.

"ఊరందర్ని పేరువెట్టి పిలుస్తది. నన్ను ఒక్కపారి అవ్వా అంటే సాలు మామా" అని, అమ్మా అనే ఆ పిలుపు కోసం రామవ్వ ఒకనాడు ఏడ్చింది.

ముప్పై ఏళ్ల నౌకరీలో సర్కారు కాగితాన్ని ఒక్క అక్షరం తప్పు చదవని సిద్దిరాములు, ఆనాటి నుంచి పట్టుబట్టి తప్పు చదివాడు. "నలభై మూడు. రామవ్వ. తారాబాయి అవ్వ." పిల్ల ఒప్పుకోక ఆయన నోరు మూసేది. ఆయన మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకునేవాడు.

ఇంట్లో మూడుసార్లు చదివి వెళ్లిన ఆ మధ్యాహ్నం చావడిలోనూ అలవాటు కొద్దీ అదే చదివాడు. జనం గొల్లుమన్నారు.

"గది కాయితంల ఉన్నదా?" అన్నాడు పట్వారి.

"లేదు దొరా. ఉండాలె."

ఇంటికొచ్చి, చెమటకు తడిసిన రుమాలు ఉతికి దండెం మీద వేసి, ఛాతీ రుద్దుకుంటూ మంచంలో ఒరిగాడు. తారాబాయి పట్టిక తెచ్చి ఆయన వేలు మొదటి వరుస మీద పెట్టింది. వేలు జారింది. మళ్లీ పెట్టింది. కొంతసేపు చూసి, తనే రాగం ఎత్తింది. ఒక్క పేరు తప్పలేదు. నలభై రెండు కాగానే లేచి, పెరట్లో జొన్నలు చెరుగుతున్న తల్లి ముందుకెళ్లి నిలబడింది.

"నలభై మూడు. రామవ్వ. తారాబాయి అవ్వ."

రామవ్వ చాట వదిలేసి లోపలికి పరుగెత్తింది. "మామా, పిల్సింది. అవ్వ అన్నది మామా."

ఆయన లేవలేదు. భుజం పట్టి కదుపుతూ ఆ మాటే మళ్లీ చెప్పింది. చెయ్యి చల్లగా తగిలాక, మంచం పక్కనే కూలబడింది.

దండెం మీద రుమాలు కొసనుంచి నీళ్లు ఇంకా బొట్టుబొట్టుగా కారుతున్నాయి.